నేరేళ్లగెడ్డ హాల్ట్

టికెట్టు కిటికీని ఇటుకలతో పూడ్చేశారు.
ఒక ఇటుక వదులు. ఆ సందులోంచి
ఇప్పుడు కందిరీగలు డ్యూటీకి వచ్చి పోతుంటాయి.

ప్లాట్‌ఫారం అంటే ఉంది, ఎత్తు లేదు.
బూడిద మీద కంకర, కంకర మీద పల్లేరు.
రైలుమెట్టు మా నడుం ఎత్తున.
అయిదూ ఇరవై పాసింజరు ఎప్పుడొస్తుందో
చెప్పే మనిషి లేడు.
గెడ్డ వంతెన కిందనుంచి పావురాలు లేచాయంటే
ఇంక మూడు నిమిషాలు. కొప్పు ముడేసుకోవచ్చు.

పదకొండుమందిమి. పలాస పోతాం, జీడిపిక్కల పనికి.
సొన తిన్న చేతులు మావి.
రేషను డిపోలో వేలిముద్ర మిషను
మమ్మల్ని ఎప్పుడూ ఇంకెవరో అనుకుంటుంది.

ఒకప్పుడు ఆ కిటికీలో కూర్మయ్య ఉండేవాడు.
రైల్వే కోటు లేదు, జీతం లేదు,
ఇన్ని టికెట్లకి ఇంతని కమీషను.
అట్టముక్క మీద తారీఖు గుద్దేటప్పుడు
దేవుడికి కొబ్బరికాయ కొట్టినంత శ్రద్ధ.
బీడీలకైనా చాలని కమీషను ఒకనాడు ఆగింది.
ఇటుకలు వచ్చాయి.
కూర్మయ్య మాత్రం చీపురు పట్టుకుని వస్తూనే ఉన్నాడు.
"ఎవలు రమ్మన్నారు నిన్ను?" అంటే
"ఎవలు మానీమన్నారు?" అనీవోడు.

తుపాను పోయిన వారం
ఊరి పేరున్న బోర్డు గెడ్డలో తేలింది.
రాత్రి బండి డ్రైవరుకి మేం కనపడలేదు.
రెండు సరుగుడు తోటలు దాటించి ఆపాడు.
చీకట్లో స్లీపర్లు లెక్కపెట్టుకుంటూ వెనక్కి నడిచాం.
దమయంతి కొత్త చెప్పు ఒకటి అక్కడే ఎక్కడో ఉంది.

మర్నాడు కూర్మయ్య సున్నం బకెట్టుతో వచ్చి
గోడ మీద పేరు రాశాడు.
నే పెద్దది, రే పెద్దది, గెడ్డకొచ్చేసరికి
అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి.
హాల్ట్‌కి చోటు లేక మూల తిప్పి పక్కగోడ మీద రాశాడు.
అటునుంచి వచ్చే బండికి ఊరు పేరుంది.
ఇటునుంచి వచ్చేదానికి ఉత్త హాల్ట్.

తరవాత్తరవాత ఆయన
నీళ్లు గ్లాసుతో కొలుచుకు తాగే మనిషయ్యాడు.
సోమవారం, గురువారం మాతోపాటే పలాస.
మేం పిక్కల ముందు కూర్చున్నంతసేపూ
ఆయన అక్కడ మిషను పక్కన పడుకుంటాడు.

బండి ఇక్కడ ఆగేది అర నిమిషం.
కూర్మయ్యకి ఆ మెట్టెక్కడానికి
ఒక నిమిషం, ఒక్కోసారి ఒకటిన్నర.
మేం ఏమీ అనుకోలేదు, మాట్లాడుకోలేదు.
తొందరగా ఎక్కడం మానేశామంతే.
బోడెమ్మ టిఫిను గిన్నె పైన పెట్టి
మళ్లీ కిందకి దించి, మళ్లీ పెట్టేది.
రవణమ్మకి చెంగు కడ్డీకి చిక్కుకునేది.
నాకు సరిగ్గా అప్పుడే చెప్పు తెగేది.
గార్డు పచ్చదీపం పట్టుకుని మావైపే చూసేవాడు.
ఏం చూశాడో గాని,
ఆయన కాలు లోపల పడ్డాకే ఊదేవాడు.

మొన్న మాఘంలో గోడ ముందు ఆకులు
రెండురోజులు అలాగే ఉండిపోయాయి.
మూడోరోజు చీపురు నేను పట్టుకున్నాను.

రైల్వేవాళ్లు కొత్త బోర్డు పాతారు, మూడు భాషల్లో.
మూడింట్లోనూ తప్పే, మూడు రకాలుగా.
కూర్మయ్య రాసిందొకటే సరిగ్గా ఉంది,
ఇరుగ్గా ఉంటే ఉంది.

ఈ సోమవారం పావురాలు లేచాయి.
బండి వచ్చి ఆగింది. పదకొండుమందిమీ ఎక్కాం.
ఎక్కాక చూస్తే
బోడెమ్మ గిన్నె ఇంకా కిందనే ఉంది,
ఆవిడ ఒక కాలు ఇంకా కంకర మీదే.
గార్డు దీపం ఎత్తాడు గాని ఊదలేదు.
కిందనున్న పిల్లాడొకడు, కొత్తవాడు, అడిగాడు:
"ఇంకెవరైనా రావాలా?"

ఎవరం జవాబు చెప్పలేదు.
బోడెమ్మ గిన్నె పైకి పెట్టింది,
దించింది,
మళ్లీ పెట్టింది.